తేనె పట్టిన గడ్డి

ఆ భాద్రపదంలో మా ఆవు మురిక్కాలవలో నిలబడడం మొదలుపెట్టింది.

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్ల వెనక సిమెంటు కాలవ ఒకటి పోతుంది. వానాకాలమంతా మోకాలిలోతు నీళ్లుంటాయి. పొద్దున్న పదకొండయ్యేసరికి మెయిలు పలుపు గుంజుకుని అందులోకి దిగేది. నాలిక బయటపెట్టి, డొక్కలు ఎగరేస్తూ, సాయంత్రం దాకా అక్కడే. వేపచెట్టు నీడ పదడుగుల దూరంలోనే ఉంది. ఆ నీడ దానికి చాలేది కాదు.

మెయిలు అంటే ఆవు పేరే. అది పుట్టిన వేళకి మద్రాసు మెయిలు కూత వినపడిందని మా ఆవిడ దాలమ్మ ఆ పేరు పెట్టింది. ఇంట్లో పుట్టిన పెయ్య, ఇప్పుడు మూడో ఈత.

ఎండ మామూలుది కాదు. వాన వెలిసీ వెలియగానే, ఉడుకుతున్న గిన్నెకి మూత పెట్టినట్టు కమ్ముకునే ఉక్క. అయినా ఆ ఎండలోనే వెనక వీధి పోలమ్మ మేకలు ఎగురుతున్నాయి, కాలనీ కుక్కలు దెబ్బలాడుకుంటున్నాయి. మా ఆవే ఉడికిపోతోంది.

నేను మాటలు తక్కువ మనిషిని. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఆ ఏడు జరిగినదాంట్లో సగం దానివల్లే జరిగింది.

మిగతా సగం శ్రావణంలో మొదలైంది. నేను పనిచేసే రైల్వే వర్క్‌షాప్ ప్రహరీ అవతల, ఒకప్పుడు వ్యాగన్లు నిలిపే పాత సైడింగు ఒకటుంది. పట్టాలు తీసేసి చాలా ఏళ్లయింది. కంకర మీద మట్టి పేరుకుని, వానలకి నడుమెత్తు గడ్డి లేస్తుంది. మా టెక్కలి వైపు పల్లెల్లో వానాకాలపు లేత గడ్డిని పాడి ఆవుకి వెయ్యరు, నీరెక్కి పారుకుంటుందని. వెన్నులు తీసి గింజ పట్టేదాకా ఆగుతారు. గింజ పట్టిన గడ్డి తిన్న ఆవు పాలకి మీగడ మందంగా కడుతుందని మా అమ్మ నమ్మకం. ఖరగ్‌పూర్ వచ్చి ముప్పై ఏళ్లు దాటినా నా నమ్మకమూ అదే. అందుకని శ్రావణమంతా ఆ గడ్డి మీద కొడవలి పెట్టకుండా కాపలా కాశాను. డ్యూటీకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి.

ఒకరోజు పోలమ్మ మేకలు అందులో దూరాయి. రాయి విసిరి తోలేశాను.

"ఏటి బావా, రైలోడి గడ్డి నీ సొంతమేటి?" అంది పోలమ్మ, కట్ట మీంచి.

"ముదరనేదింకా."

"మేకకి ముదరడమేటి, లేతేటి? ఆకుంటే తింటాది."

నేను ఇంకో రాయి తీశాను. ఆమె నా ఏడు తరాలనీ పేరుపేరునా తలుచుకుంటూ మేకల్ని తోలుకుపోయింది.

భాద్రపదం వచ్చాక మొదటి మోపు కోశాను. కోస్తుంటే కొడవలి పిడి చేతికి అతుక్కుంది. చూస్తే వెన్నుల నిండా సన్నటి బొట్లు, పంచదార పాకంలా. వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను. తీపి! నా జన్మలో అలాంటి గడ్డి చూడలేదు. మోపు తెచ్చి పెరట్లో దించి, దాలమ్మని పిలిచి చూపించాను.

"గడ్డికి తేనె పట్టినాదే."

ఆమె కూడా వేలితో అద్దుకుని నాకింది. "ఓలమ్మో, నిజివే! ఇంక మెయిలు పాలకి పంచదారెయ్యక్కర్నేదు."

మా కోడలు వెన్నెల నాకలేదు. మోపు పక్కన గొంతుక్కూచుని చూస్తోంది. వాళ్లది ఈ ఊళ్లోనే ఖరిదా బజారులో కిరాణా కొట్టు. పుట్టి పెరిగింది బస్తాల మధ్య. మాఘమాసంలో మా ఇంటికి వచ్చేనాటికి ఆవుని ముట్టుకున్న పిల్ల కూడా కాదు.

"సీమలు పట్టేసినాయి మావయ్యా," అంది. "మా కొట్లో సీమలు పట్టిన బస్తాని నాన్న పక్కనెట్టేస్తాడు."

"బస్తా వేరు, గడ్డి వేరు," అన్నాను. ఆరోజు సంతోషంగా ఉన్నాను కాబట్టి అన్ని మాటలు వచ్చాయి.

*

వెన్నెలకి పాలు పితకడం నేనే నేర్పాను. నేర్పడమంటే, నేను పితుకుతుంటే ఆ పిల్ల నిలబడి చూసేది, అంతే. రెండో నెల తిరిగేసరికి మెయిలు ఆ పిల్ల గాజుల చప్పుడు వింటేనే పాలు చేపడం మొదలుపెట్టింది. నేను కూర్చుంటే తల తిప్పి చూసి, గడ్డి నములుతూ ఊరుకునేది. మా అబ్బాయి వినోద్ గూడ్సు బండి గార్డు, వారంలో నాలుగు రోజులు ఇంట ఉండడు. ఆ నాలుగు రోజులూ వెన్నెల లోకం పశువుల సాలే.

తేనె గడ్డి మొదలుపెట్టిన వారానికి చెంబులో పాలు తగ్గాయి. మొదట ఒక వేలు, తర్వాత రెండు వేళ్లు. పది రోజులు దాటేసరికి చెంబు సగానికి వచ్చింది. ఆవు వెంట్రుకలు నిక్కబొడుచుకుని, నిగనిగలాడే చర్మం పాత గోనెలా అయింది. మధ్యాహ్నాలు కాలవలో.

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కుడితి కుండలోకి తొంగి చూశాను. గంజి పులిసి నురగ కట్టి ఉంది. అందులో మిగిలిపోయిన కూర ఏదో తేలుతోంది. గడ్డి నేను కోసింది. నీళ్లు దాలమ్మ పెట్టేది. కుడితి వెన్నెల కలిపేది. లెక్క నాకు సరిపోయింది.

వెన్నెల చెంబు పట్టుకుని సాల వైపు వస్తోంది.

"రేపట్నుంచి దాని దగ్గరికి నువ్వెల్లకు," అన్నాను.

ఆ పిల్ల నా మొహం చూసింది, కుండ చూసింది. చెంబు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. గాజులు చప్పుడవకుండా చేతులు దగ్గరగా పెట్టుకుని నడవడం కనిపించింది.

అన్నం దగ్గర దాలమ్మ పట్టుకుంది నన్ను.

"ఏటన్నావా గుంటని?"

"ఏటీ అన్నేదు."

"నువ్వు ఏటీ అనకుండానే మనుసుల్ని సంపేస్తావు. ముప్పయ్యేళ్లుగా సూస్తన్నాను." పప్పు గరిటె కంచంలో గట్టిగా కొట్టింది. "ఇంకో మాట ఇనుకో. దసరా నాటికి మెయిలు తేరుకోకపోతే బరంపురం నుంచి మా తమ్ముడు వ్యాను తెస్తాడు. సెప్పేసినాను. ఆడికి కొబ్బరి తోట ఉంది, సల్లగుంటాది. దాన్ని ఇక్కడుంచుకోని, కళ్ల ముందు సంపుకోలేను నేను."

నేను చెయ్యి కడుక్కున్నాను. ఆవు ఈ ఇంట్లోంచి వెళ్లిపోవడం నాకు ఊహకి కూడా అందలేదు. వర్క్‌షాప్ సైరన్ లేకుండా తెల్లారడం ఎలాంటిదో, అదీ అలాంటిదే.

మర్నాటి నుంచి నేనే పితికాను. మెయిలు వెనక్కి తిరిగి నన్ను చూసేది. చూసి, తలుపు వైపు చూసేది.

*

నాలుగైదు రోజులకి ఒక పొద్దున్న దాని చెవి పట్టుకుని చూశాను. చల్లగా ఉంది, కుండలో నీళ్లలా. తోక కొస కూడా అంతే. మాకు తెలిసినంతలో చెవులు చల్లబడితే పశువుకి చలి పట్టినట్టు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది, జబ్బు దొరికింది కదా అని. శొంఠి, మిరియాలు, వెల్లుల్లి నూరి కషాయం కాచి వెదురు గొట్టంతో తాగించాను. వీపు మీద గోనెపట్టా కప్పాను. సాలలో పొగ వేశాను.

మధ్యాహ్నానికి మెయిలు పలుపు తెంపుకుంది. ఆ గోనెతోనే కాలవలోకి దిగి, నిలబడడం కాదు, నీళ్లలో కూర్చుండిపోయింది. దాన్ని లేపడానికి నలుగురం పట్టాం. గట్టెక్కాక అది నోరు తెరిచి పీల్చిన గాలి చప్పుడు నాకింకా వినపడుతుంది. వెన్నెల దూరంగా, గుమ్మం మీదే ఉంది. దగ్గరికి రాలేదు. బకెట్టుతో నీళ్లు మాత్రం గుమ్మం దాకా తెచ్చిపెట్టింది, ఒకదాని తర్వాత ఒకటి, ఏడు బకెట్లు.

రెండు రోజులకి విశ్వకర్మ పూజ. వర్క్‌షాప్‌లో మెషీన్లకి పూలదండలు వేసి, పూజ చేసి, ప్రసాదం పొట్లాలు ఇచ్చారు. పొట్లం పట్టుకుని ఇంటికి వచ్చేసరికి అరుగు మీద, రోజూ నా టీ గ్లాసు పెట్టేచోట, ఒక చేట ఉంది.

చేటలో రెండు కుప్పలు. ఒకటి గడ్డి గింజలు, మామూలువి, లేత గోధుమరంగులో. రెండోది నల్లటివి, ఇక్కడ కాలోజీరె అనే నల్లజీలకర్ర గింజల్లా. ఇంకొంచెం పొడుగు, కొసలు వంకర.

వెన్నెల టీ తెచ్చి చేట పక్కన పెట్టింది.

"ఏటిది?"

"సూడండి."

నల్లదాన్ని ఒకటి తీసుకుని గోటితో విరిచాను. లోపల గింజ లేదు. పప్పు లేదు, పొట్టు లేదు. బూడిద రంగు ముద్ద. ఇంకోటి విరిచాను. అదీ అంతే.

"మన గడ్డిలోదేనా?"

"గడ్డిలోదే మావయ్యా. తేనె కారిన వెన్నులన్నిటికీ ఇదే పట్టినాది. కొట్లో నాన్న గింజ ఇరిసి సూడకుండా బస్తా దించుకోడు. అలవాటు."

"ఎప్పుడు సూసినావు?"

"ఆరు రోజులయినాది."

"సెప్పలేదేటి?"

"దగ్గరికెల్లొద్దన్నారు కదా," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నాకు తేలికయ్యేది. "మీకు సెప్పడం కన్నా సూపించడమే మంచిదని అత్త అన్నాది ఇయ్యాల."

టీ తాగకుండా లేచాను. "ఆటో పిలు."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ఆ చేట పట్టుకో."

*

ఊళ్లో ఇందా అనే పేటలో పశువుల్ని చూసే బెంగాలీ డాక్టరమ్మ ఒకామె ఉంది. పండగ పూటైనా విసుక్కోలేదు. నల్ల గింజల్ని భూతద్దం కింద పెట్టి చూసి, స్కూటీ తీసి మా ఆటో వెనకాలే వచ్చింది.

మెయిలు కాలవలో ఉంది. డాక్టరమ్మ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఆ మురికినీళ్లలోకి దిగిపోయింది. తోక కింద థర్మామీటరు పెట్టింది. తర్వాత నన్ను పిలిచింది.

"కానే హాత్ దిన్, దాదా."

చెవి మీద చెయ్యి వేశాను.

"ఠాండా?"

"ఠాండా," అన్నాను.

థర్మామీటరు తీసి నాకు చూపించింది. నూట ఆరు. చల్లటి చెవి నా చేతిలోనే ఉంది.

"కషాయం, గోనె ఎవరి పని?" అని అడిగింది. దాలమ్మ అప్పటికే అంతా చెప్పేసినట్టుంది.

"నాదే."

ఆమె తిట్టలేదు. గట్టు మీద కూర్చుని, సగం బెంగాలీలో సగం హిందీలో చెప్పింది. నల్లగా ఉన్నది గింజ కాదు, ఫంగస్, బూజు లాంటిది. గడ్డి పూత మీద పడుతుంది. గింజ ఉండాల్సిన చోట తాను కూర్చుంటుంది. అది పశువు కడుపులోకి వెళ్తే ఒంట్లో సన్నటి రక్తనాళాలన్నీ బిగుసుకుపోతాయి. చెవులకి, తోకకి, గిట్టలకి, చర్మానికి రక్తం ఆడదు. ఒంట్లో వేడి బయటికి పోవడానికి దారి ఉండదు. అందుకే పైన చల్లగా ఉండి లోపల కాలిపోతోంది. పాలు కూడా అదే ఎండగడుతుంది. ఇంకో నెల పెట్టి ఉంటే తోక కొస, గిట్టలు కుళ్లిపోయేవి.

"కుడితి?" అని అడిగాను. అడగకపోతే నాకు నిద్రపట్టదు.

"కుడితిలో ఏ దోషమూ లేదు. ఇన్ని రోజులూ అదైనా తాగబట్టి నిలబడింది."

వెన్నెల చేట చేతుల్లో పట్టుకుని దాని వైపే చూస్తోంది. నేను కాలవ వైపు చూశాను.

డాక్టరమ్మ అడిగింది. "నల్లబడక ముందు తీపి రసం లాంటిది కారి ఉండాలే? దానికోసం ఈగలు, చీమలు వస్తాయి. జబ్బుని మోసేది అవే. మీరెవరూ చూడలేదా?"

వెన్నెల నా వైపు ఒకసారి చూసి చెప్పింది. "కారినాది దీదీ. సీమలు కూడా పట్టినాయి." అంతే చెప్పింది. మిగతాది చెప్పలేదు.

దాలమ్మకి అలాంటి మొహమాటాలు లేవు.

"మేవిద్దరం నాకినాం కూడా డాక్టరమ్మా! మాకేటైనా అయిపోతాదా?"

వెన్నెల నవ్వాపుకుంటూ బెంగాలీలో చెప్పింది. డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. "వేలితో ఒక బొట్టా? ఏమీ అవదు. నెల కావస్తోంది కూడా. మళ్లీ ఏడు మాత్రం రుచి చూడకండి, దీదీ."

"ఈయనే నాకమన్నాడు," అంది దాలమ్మ. "ఈయన మాట ఇని బాగుపడినోల్లు నేరు ఈ ఇంట్లో."

దీనికి వేరే మందు లేదట. ఆ గడ్డి మానెయ్యాలి. ఎండు వరిగడ్డి, చల్లటి నీళ్లు, ఉప్పు, నీడ, గాలి. మిగిలిన గడ్డి లోతుగా పాతెయ్యాలి.

"బతుకుతాదా?" దాలమ్మ నవ్వు మానేసి అడిగింది.

"దేఖా జాక్," అంది డాక్టరమ్మ, కాళ్లు కడుక్కుంటూ. చూద్దాం అని.

*

మర్నాడు సెలవు పెట్టాను. తెల్లవారుతూనే రెండు కొడవళ్లు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాను. వెన్నెల వచ్చి, నా చేతిలో రెండోది ఎందుకో అడక్కుండా తీసుకుంది. చున్నీ నడుముకి బిగించింది.

నేను నెలంతా కాపలా కాసిన గడ్డిని ఇద్దరం కలిసి కోసేశాం. వంగితే ఆ పిల్లకి గడ్డి నెత్తి దాటుతుంది. రెండు చేతులతో నరుకుతోంది.

"అలా కాదు. కొడవలి వాల్చి లాగు," అన్నాను.

"ఇలాగా?"

"ఊఁ."

ఆ పూట మేము మాట్లాడుకున్నది అంతే. కానీ మధ్యాహ్నానికి ఆ పిల్ల కోత నా కోతతో సమంగా వస్తోంది.

పోలమ్మ కట్ట మీంచి చూసి ఆగింది. "ఏటి బావా, తేనె గడ్డి సేదెక్కిపోనాదా?"

ఆమెకి చెప్పాలి. మేకలు ఈ చుట్టుపక్కలే తిరుగుతాయి. నేను కొడవలి దించి, కట్టెక్కి, చేతిలో నల్లవెన్ను పెట్టి, జరిగినదంతా చెప్పాను. నా జన్మలో ఆమెతో అంత సేపు మాట్లాడలేదు. ఆమె వెన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే నువ్వు రాళ్లెట్టి తోలబట్టి నా మేకలు బతికినాయన్నమాట."

"అవును."

"నేను నిన్ను తిట్టిన తిట్లో?"

"ఉంచుకో. మల్లీ పనికొస్తాయి."

ఆమె నవ్వి, చీర చెంగు బిగించి, పార తెచ్చుకుంది. సైడింగు కొసన గొయ్యి మూడొంతులు పోలమ్మే తవ్వింది. గడ్డంతా అందులో వేసి మట్టి కప్పేశాం.

ఇంట్లో వెన్నెల తన గదిలోని స్టాండు ఫ్యాను తెచ్చి సాలలో పెట్టింది. రెండు రోజులకి డ్యూటీ దిగి వచ్చిన వినోద్ చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు. "ఫ్యానేది?"

"ఆవుకి నూటారు ఉన్నాది. నీకెంతుంది?" అంది దాలమ్మ.

వాడు సాలలోకి తొంగి చూసి, చాప తెచ్చుకుని ఆవు పక్కనే ఫ్యాను ముందు పడుకున్నాడు.

పది రోజులు ఏ మార్పూ లేదు. మెయిలు వరిగడ్డి కొరికేది, వదిలేసేది, మధ్యాహ్నం కాలవలోకి దిగేది. దాలమ్మ తమ్ముడు రెండుసార్లు ఫోను చేశాడు. రెండుసార్లూ ఆమె నా వైపు చూస్తూ, "సెప్తానురా, ఉండు," అంది. కాలవ అవతల రెల్లు పూసింది. బజారులో దసరా పూజ పందిళ్లకి వెదుళ్లు దిగాయి.

పదకొండో రోజో పన్నెండో రోజో, మధ్యాహ్నం షిఫ్టు మధ్యలో ఇంటికి వచ్చాను. కాలవలో ఆవు లేదు. వ్యాను వచ్చేసిందేమో అనుకున్నాను. చూస్తే వేపచెట్టు కింద పడుకుని నెమరేస్తోంది. దగ్గరికి వెళ్లి చెవి పట్టుకున్నాను. వెచ్చగా ఉంది. రెండో చెవి కూడా. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంటే, అది తల విదిలించి నా చెయ్యి తోసేసింది.

లోపల దాలమ్మ ఫోనులో గట్టిగా అంటోంది. "వ్యానొద్దురా. ఒద్దంటే ఒద్దు. పండక్కి నువ్వు రా, సాలు."

ఆ సాయంత్రం చెంబు తీసుకుని సాల దాకా వెళ్లి, వెనక్కి వచ్చాను. వెన్నెల వంటింటి గుమ్మంలో బియ్యం ఏరుతోంది. చెంబు ఆ పిల్ల పక్కన పెట్టాను.

"నాకు సేపడం నేదు," అన్నాను.

నేను అసలు పొదుగు కింద కూర్చోనే లేదు. ఆ సంగతి ఆ పిల్లకి తెలుసు. గుమ్మంలోంచి సాల కనపడుతుంది. చేట పక్కన పెట్టి, చెంబు తీసుకుని లేచింది. గాజులు గలగలమన్నాయి. మెయిలు అక్కడి నుంచే తల తిప్పింది.

నేను అరుగు మీద కూర్చుని విన్నాను. మొదట ఖాళీ చెంబులో సన్నటి ధారల చప్పుడు. తర్వాత నురగ మీద పడే మెత్తటి చప్పుడు. చాలాసేపు వచ్చింది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. వెన్ను తీయకముందే గడ్డి కోస్తాను, మా అమ్మ ఏమనుకున్నా సరే. మోపు తెచ్చి పెరట్లో దించుతాను గానీ కట్టు విప్పను. వెన్నెల వచ్చి నాలుగు చోట్ల పరకలు లాగి, అరచేతిలో నలిపి, ఊది చూస్తుంది, వాళ్ల నాన్న బస్తా ముందు కూర్చున్నట్టే. నేను తలపాగా తీసి చెమట తుడుచుకుంటూ నిలబడతాను. మెయిలు పలుపు లాగుతూ అరుస్తుంది.

"సర్లెండి మావయ్యా, ఎయ్యండి," అంటుంది వెన్నెల.

అప్పుడు కట్టు విప్పుతాను.